పెరుగన్నం తిన్న చేప

అనగనగనగా, గాజంటే రాజులు కూడా వేలితో తట్టి చూసి మురిసిపోయే రోజుల్లో, తామరవల్లి అని ఒక పట్నం ఉండేది. దానికి మూడు పక్కల పొలాలు, నాలుగో పక్క పెద్ద చెరువు. ఈ ఒడ్డున నిలబడి కేకవేస్తే ఆ ఒడ్డున వినబడనంత చెరువు. ఒడ్డు వెంబడి జాలరుల గుడిసెలు. ఊళ్ళో సగంమంది ఆ చెరువు చేపలు తిని బతికేవాళ్ళు. చేప తిననివాళ్ళు ఆ చెరువు నీళ్ళు తాగి బతికేవాళ్ళు.

ఆ రోజుల్లో చేపలకు మాటలు వచ్చేవి, పిల్లలూ. కాకపోతే చేప మాట గాలిలో నడవదు, నీళ్ళలోనే నడుస్తుంది. నీళ్ళలో చెయ్యో కాలో పెట్టినవాళ్ళకే అది వినబడేది. జాలరులు రోజూ వినేవాళ్ళు, సంత గోలలాగా విని ఊరుకునేవాళ్ళు. పట్నంవాళ్ళు స్నానానికి దిగినా తమ గొప్పలు తామే చెప్పుకుంటూ మునిగేవాళ్ళు గనక వాళ్ళ చెవిన ఏ చేప మాటా పడలేదు.

ఆ పట్నంలో చెంచయ్య శెట్టి అని ఒక నూనె వర్తకుడు ఉండేవాడు. ఆయన గానుగ నువ్వుల నూనెకు పెట్టింది పేరు. ఇక ఆయన ఇంటి నియమం గురించి ఊరు కథలు చెప్పుకునేది. ఆ ఇంట్లో నీచు మాట ఎత్తితే నోరు పుక్కిలించి ఉమ్మేవాళ్ళు. వీధిలో జాలరి గంప పోతే వాకిట్లో నీళ్ళు చల్లేవాళ్ళు. శెట్టి చెడ్డవాడు కాదు. ఒకరి సొమ్ము ముట్టి ఎరగడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. నలుగురూ తనను మంచివాడు అనని పూట ఆయనకు అన్నం సహించేది కాదు.

ఒకనాడు దూరపు సముద్రపు రేవులో ఓడ దిగి ఒక పరదేశి వర్తకుడు వచ్చాడు. శెట్టి దగ్గర నూనె జాడీలు తీసుకుని, బదులుగా మంచమంత గాజు తొట్టి ఒకటి ఇచ్చాడు. తొట్టిలో నీళ్ళు, నీళ్ళలో గుప్పెడు రంగు చేపలు, వాటి మధ్య వేలెడు పొడవున మరో చేప. దాని ఒళ్ళు వెండిపూత పూసినట్టుంది. వీపు మీద మూడు నల్లచారలు, కంటి చుట్టూ పసుపు వలయం. ఏదో దూరదేశపు నదిలో పుట్టిందట. శెట్టి చూపు దాని మీదే ఆగిపోయింది.

"ఇది ఎంత పెరుగుతుంది?" అని అడిగాడు.

"ఎంత తొట్టికి అంతే పెరుగుతుంది శెట్టిగారూ. తొట్టిని మించి పెరగదు. మా దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి" అన్నాడు ఓడ వర్తకుడు.

"ఏం తింటుంది?"

"పెట్టింది తింటుంది."

అమ్ముకునేవాడి నోట అబద్ధం కూడా అందరికీ తెలిసిన మాటలాగే వస్తుంది. ఆ వర్తకుడు తెరచాప ఎత్తి పోయాడు. మళ్ళీ ఆ రేవుకు రాలేదు.

శెట్టి భార్య పేరిందేవమ్మ తొట్టిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమండీ, మన ఇంట్లోకి చేపను తెచ్చారా?"

"వండుకోవడానికి తెచ్చానా? చూసుకోవడానికి తెచ్చాను. రాజుగారింట్లో కూడా లేదు ఇలాంటిది."

ఆ మాట నిజమే. చావడిలో తొట్టి పెట్టిన మర్నాటినుంచి శెట్టి ఇంటికి జనం తీర్థానికి వచ్చినట్టు వచ్చారు. శెట్టికి ఆకలి పెరిగింది, నిద్ర బాగా పట్టింది.

అయితే తొట్టిలో రంగు చేపలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. చివరికి మూడుచారల చేప ఒక్కటే మిగిలింది. "ఇది పిల్లి పనే" అన్నాడు శెట్టి. ఇంట్లో ఎన్నాళ్ళుగానో ఎలుకలు పడుతున్న ముసలి పిల్లిని కర్ర పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమాడు. అది వెనక్కి తిరిగి ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం తొట్టి గోడకు పట్టిన నాచు తుడుద్దామని శెట్టి నీళ్ళలో చెయ్యి పెట్టాడు.

"పిల్లి కాదు శెట్టీ, నేనే తిన్నాను" అంది చేప. "నేను చేపలను తినే చేపను."

శెట్టి చురుక్కుమన్నట్టు చెయ్యి లాగేసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. చెయ్యి ఉత్తరీయానికి తుడుచుకున్నాడు. విననట్టే ఉంటే పోలా అనుకున్నాడు. వింటే పిల్లిని వెనక్కి పిలవాలి కదా.

"మా ఇంట్లో పెరిగే ప్రాణి మా తిండే తింటుంది" అని ఇంటిల్లిపాదికీ చెప్పి, వెండి గిన్నెలో పెరుగన్నం కలిపించి, తన చేత్తో తొట్టిలో వేశాడు. చేప వాసన చూసి పక్కకు తిరిగింది. మెతుకులు అడుక్కి దిగాయి. నీళ్ళు తెల్లబడ్డాయి. ఆవకాయ ఊటతో వేసి చూశాడు, నెయ్యి వేసి చూశాడు. చేప చిక్కిపోయి తొట్టి అడుగున ఒక పక్కకు ఒరిగి పడుకుంది.

ఇక్కడ శెట్టిని గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఆ చేప మీద నిజంగానే ప్రాణం పెట్టుకున్నాడు. గానుగ దగ్గరినుంచి ఆయన ఇంటికి రాగానే అది గాజు దగ్గరకు వచ్చేది. వేలు అటు జరిపితే అటు, ఇటు జరిపితే ఇటు వచ్చేది. తనను మెచ్చుకోకుండా తనకోసం వచ్చే జీవి ఆయన బతుకులో అదొక్కటే. అది ఒరిగి పడుకుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే శెట్టి తల మీద ఉత్తరీయం కప్పుకుని చెరువు ఒడ్డుకు పోయాడు. మొదటి గుడిసె నూకాలుది. ఆమె వల బాగుచేసుకుంటోంది.

"ఏటి శెట్టిబాబూ, దారి తప్పొచ్చారా?" అంది.

"నూకాలూ, నాకు రోజూ కాసిని పరిగెలు కావాలి" అన్నాడు శెట్టి నేలచూపులు చూస్తూ. పరిగెలంటే చిటికెనవేలంత ఉండే చెరువు చేపలు.

"మీకా?"

"నాకు కాదు, మా చేపకు. ప్రాణంతో ఉండాలి. పెరటి గుమ్మాన తేవాలి. కుండలో నీళ్ళు పోసి, పరిగెలు వేసి, పైన బచ్చలికూర పరచాలి. అడిగితే కూర అమ్మడానికి వచ్చానని చెప్పాలి. ఎవరితోనూ అనకూడదు."

నూకాలు నవ్వింది. "చేప చేపను తింటే మీకేటి పాపం బాబూ? అది దాని పుట్టుక. దాచడం దేనికి?"

"ఇంటి పరువు" అన్నాడు శెట్టి.

"పరువుకు బచ్చలి కప్పాలా? సరే, మీ ఇష్టం" అంది నూకాలు. ఆమెకు ముసలి తల్లి ఉంది. పరిగెలకు బదులు రోజూ సోలెడు నూనె అంటే ఆమె కాదనలేకపోయింది.

ఆ పూట శెట్టి తలుపు వేసుకుని పరిగెలను తొట్టిలో వేయబోయేసరికి పేరిందేవమ్మ అడుగుల చప్పుడు వినబడింది. చేతిలో పరిగె గిలగిలలాడుతోంది. పక్కనే పెరుగన్నం గిన్నె ఉంది. శెట్టికి ఏం తోచిందో, చప్పున ఒక ముద్ద తీసి, పరిగెను ముద్దలో పెట్టి మూసి, నీళ్ళలోకి చాచాడు. మూడుచారల చేప ఒక్క దూకులో ముద్ద అందుకుంది.

పేరిందేవమ్మ రెండు చేతులూ జోడించింది. "తిందండీ. పెరుగన్నం తింది. మీ చేతి మహిమ."

అక్కడ ఒక్క మాట చాలు, పిల్లలూ. "మహిమ కాదే, లోపల పరిగె ఉంది" అంటే అయిపోయేది. ఆవిడ ఆ పూట అలిగి, రెండు బిందెలు నీళ్ళు దిమ్మరించుకుని, మర్నాటికి మరిచిపోయేది. శెట్టి ఆ మాట నాలుక దాకా తెచ్చుకున్నాడు. ఆవిడ కళ్ళలో మెరుపు చూశాడు. మాట మింగేశాడు.

మధ్యాహ్నానికి వీధంతా తెలిసింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. నీచు మానేసిన చేప. శెట్టి ఇంటి నియమం చేపకు కూడా అబ్బింది. జనం దండలు తెచ్చారు. పెరుగన్నం గిన్నెలో మిగిలినది ప్రసాదమని కళ్ళకద్దుకుని తిన్నారు. పెద్దలు దానికి సాధుమీనం అని పేరు పెట్టారు. శెట్టి రోజూ పదిమంది ఎదుట ముద్ద పెట్టేవాడు. ముద్దలో పరిగె ఉండేది. పేరిందేవమ్మ రోజూ పెరటి గుమ్మాన బచ్చలికూర పుచ్చుకునేది, కూర తీసిన కుండను నూకాలు శెట్టి కోసం గోడ చాటున పెట్టిపోయేది.

ఇక తొట్టిని మించి పెరగకూడదన్న సంగతి ఓడ వర్తకుడు శెట్టికి చెప్పాడు గాని, చేపకు ఎవరూ చెప్పలేదు. అది జానెడైంది, మూరెడైంది, బారెడైంది. తొట్టిలో తిరగడానికి చోటు లేక తోక మడుచుకుని నిలబడేది. మూతి గాజుకు రాసుకుని రాసుకుని పచ్చిపుండైంది. జనం ఆ పుండును చూసి, "మొక్కి మొక్కి అలా అయింది" అన్నారు.

శెట్టి పెరట్లో రాతితొట్టి కట్టించి చేపను అందులోకి మార్పించాడు. కొన్నాళ్ళకు అదీ చాలలేదు. నీళ్ళు కంపు కొట్టాయి. కుండెడు పరిగెలు దానికి ఒక పూటకు చాలడం లేదు. ఒకరోజు శెట్టి ముద్ద పెడుతూ దాని మూతి మీద పసుపు అద్దాడు. అప్పుడు చేప రెండోసారి మాట్లాడింది.

"శెట్టీ, నాకు తిరగడానికి లేదు. వెన్ను వంకరపోతోంది. నేను సాధువును కానని వీళ్ళకు చెప్పు. చెప్పి, నన్ను వండుకునేవాళ్ళకు ఇచ్చెయ్యి. ఇలా ఉండేకంటే అదే నయం."

"నా బంగారుకొండవు, నిన్ను చంపుకుంటానా?" అన్నాడు శెట్టి. ఆ మాటలో ప్రేమ ఉంది. చంపితే కడుపులోంచి పరిగెలు బయటపడతాయన్న భయమూ ఉంది. రెండింటిలో ఏది ఎక్కువో ఆయన తూచుకోలేదు. నూనె తూచినంత సులువు కాదు కదా అది.

ఈలోగా సాధుమీనం మాట రాజుగారి చెవిన పడింది. రాజుగారు వచ్చారు, చూశారు. తన రాజ్యంలో చేపలు కూడా నీచు మానేశాయంటే పొరుగు రాజుల దగ్గర ఎంత గొప్పగా ఉంటుందో తలచుకున్నారు. అప్పటికప్పుడు కంసాలిని పిలిపించి దాని పెదవికి బంగారు ముక్కెర వేయించారు.

"ఈ ముక్కెర ఉన్న చేప మీద వల వేసినా, గాలం వేసినా, వేసినవాడికి ఊళ్ళో చోటు లేదు" అని చాటింపు వేయించారు.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర పేరిందేవమ్మ అంది, "ఏమండీ, పాపం అది పెరట్లో నలిగిపోతోంది. చెరువులో విడిచిపెడితే హాయిగా ఉంటుంది. పుణ్యం కూడా."

శెట్టి గుండెల మీది బరువు దిగిపోయింది. ఎక్కడికి దిగిందో ఆయన చూసుకోలేదు. చెరువు అంత పెద్దది, ఒక్క చేప ఎంత తింటుందిలే అనుకున్నాడు.

కార్తీక పున్నమినాడు మేళతాళాలతో ఊరేగించి చెరువుకు తీసుకుపోయారు. నీళ్ళతొట్టి పెట్టిన పల్లకీని జాలరులే మోశారు, జాలరులే ఒడ్డున దించారు. చేపను నీళ్ళలోకి జార్చే భాగ్యం మాత్రం శెట్టి ఒక్కడిదే. ఆయన మొలలోతు నీళ్ళలోకి దిగి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పుడు చేప మూడోసారి మాట్లాడింది.

"శెట్టీ, ఇంకోసారి చెబుతున్నాను. నేను చేపలను తినే చేపను. ఈ చెరువులో నన్నెరిగిన చేప ఒక్కటీ లేదు. ఒడ్డున ఉన్నవాళ్ళకు నా మాట వినబడదు. నువ్వు చెప్పు."

శెట్టి ఒడ్డువైపు చూశాడు. గొడుగు కింద రాజుగారు ఉన్నారు. హారతి పళ్ళెంతో పేరిందేవమ్మ ఉంది. "ఎంత పుణ్యాత్ముడో" అని జనం అంటున్నారు. వెనుక వరసలో నూకాలు నిలబడి ఉంది. శెట్టి చేతులు వదిలేశాడు. చేప ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, నిండుగా తోక చాచి, లోపలికి పోయింది. ఎన్నాళ్ళకో చాచిన తోక అది.

ప్రతి కార్తీక పున్నమికీ శెట్టి తన చేత్తో సాధుమీనానికి పెరుగన్నం పెట్టాలని రాజుగారు ఆనతిచ్చారు.

ఆ నోటిని చూసి పారిపోవాలని చెరువు చేపలకు వాటి తల్లులు నేర్పలేదు. అది వస్తుంటే దారి ఇచ్చి నిలబడేవి. మొదటి ఏడు జాలరుల వలలు సగం బరువుతో వచ్చాయి. కార్తీకంలో నూకాలు ఎప్పటిలాగే పరిగె తెచ్చి ఇచ్చింది. శెట్టి ముద్దలో పెట్టాడు. చేప నిండు కడుపుతో ఉంది. వచ్చి మర్యాదకు అన్నట్టు ముద్ద తీసుకుపోయింది, మాట్లాడలేదు.

రెండో ఏడు వలల్లో నాచు, నత్తలు వచ్చాయి. అంతకంటే వింత, జాలరులు నీళ్ళలో కాలు పెడితే ఏ మాటా వినబడలేదు. తాతలనాటినుంచి విన్న గోల ఆగిపోయింది. "చెరువు మూగబోయింది" అని ముసలివాళ్ళు ఏడ్చారు. ఆ కార్తీకంలో నూకాలు పెరటి గుమ్మాన ఒక్కటంటే ఒక్క పరిగె తెచ్చింది.

"దీనికోసం చెరువంతా గాలించాను శెట్టిబాబూ. ఇక లేవు. ఆ ముక్కెర తీయించండి. మావాళ్ళు దాన్ని పట్టేస్తారు. మీరు ఒక్క మాట చెబితే చాలు."

"చూస్తాను" అన్నాడు శెట్టి. చూస్తాననడం ఆయనకు బాగా వచ్చు.

ఆయన చూస్తూ ఉండగానే జాలరులు ఆకలికి తాళలేక కొలువుకు పోయి మొరపెట్టుకున్నారు. సాధుమీనం చెరువును తినేస్తోందన్నారు. రాజుగారు శెట్టిని పిలిపించారు.

"శెట్టీ, దాన్ని పెంచినవాడివి నువ్వు. అది చేపలను తింటుందా?"

కొలువంతా చెవులు రిక్కించింది. శెట్టి నాలుక చివర నిజం ఉంది. ఇన్నాళ్ళూ అది అక్కడే ఉంది. తాను పుణ్యాత్ముడు కాడని ఒక్క క్షణంలో ఇంతమందికి తెలిసిపోతుంది. రాజుగారి ముక్కెర నవ్వులపాలవుతుంది.

"ప్రభూ, మా ఇంట్లో అది పెరుగన్నం ముద్ద తప్ప మరొకటి అందుకోవడం ఎవరూ చూడలేదు" అన్నాడు.

పిల్లలూ, ఆ మాటలో అబద్ధం వెతికితే దొరకదు. అందుకే అది మామూలు అబద్ధం కంటే పాపిష్ఠిది.

నూకాలు ముందుకు వచ్చింది. "నేనే రోజూ పరిగెలు తెచ్చి ఇచ్చాను దొరా. కుండలో వేసి, పైన బచ్చలి కప్పి. ముద్దలో పరిగె ఉండేది. అమ్మగారిని అడగండి."

పేరిందేవమ్మను అడిగారు. ఆవిడ ఎరిగినది ఆవిడ చెప్పింది. "ఈమె రోజూ బచ్చలికూరే తెచ్చేది. నేనే పుచ్చుకున్నాను."

చెరువును జాలరులే అత్యాశతో ఖాళీ చేశారని, నేరం సాధుమీనం మీదికి నెడుతున్నారని తీర్పయింది. సాయంత్రంలోగా గుడిసెలు ఎత్తెయ్యాలన్నారు. శెట్టికి ఎందుకో ముసలి పిల్లి గుర్తుకొచ్చింది.

జాలరులు మూటలు నెత్తిన పెట్టుకుని ఊరు దాటారు. పడవలు మోసుకుపోలేక ఒడ్డున బోర్లించి వదిలేశారు. నూకాలు తల్లిని వీపున ఎత్తుకుని శెట్టి ఇంటి ముందునుంచే పోయింది. శెట్టి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. మన్ను ఎత్తి పోస్తుందనుకున్నాడు. ఆమె ఆగి, మామూలు గొంతుతో ఒక్క మాట అడిగింది.

"వచ్చే కార్తీకానికి పరిగె ఎవరు తెస్తారు శెట్టిబాబూ?"

ఆ ఏడు చెరువులో దోమపిల్లలను తినే చేప లేక దోమలు మబ్బుల్లా లేచాయి. ఇంటింటా చలిజ్వరం. నీళ్ళు పచ్చగా జిగటగా అయ్యాయి. గుడిసెలు ఎత్తేసిన చోట గడ్డి మొలిచింది. శెట్టి మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

కార్తీక పున్నమి దగ్గరపడింది. ఆయన తెల్లవారకముందే లేచి, పంచె ఎగగట్టి, పై పంచె వలలా పట్టుకుని చెరువు చుట్టూ తిరిగాడు. వీధిలో జాలరి గంప పోతే వాకిట్లో నీళ్ళు చల్లించిన మనిషి, మోకాలి లోతు బురదలో వంగి, తామర తూడుల మధ్య ఒక్క పరిగె కోసం చేతులు పెట్టి తడిమాడు. జలగలు పట్టాయి. నత్తలు దొరికాయి. పరిగె దొరకలేదు. "ఎవరైనా ఉన్నారా?" అని నీళ్ళలో చెయ్యి పెట్టి అడిగాడు. ఎవరూ పలకలేదు.

పున్నమినాడు చలిజ్వరాలు పోవాలని మొక్కుకుని ఊరంతా చెరువులో దిగింది. రాజుగారు కూడా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డారు. సాధుమీనం ముద్ద తినేదాకా ఎవరూ నోరు విప్పకూడదని ఆజ్ఞ. శెట్టి వెండి గిన్నెలోంచి ఒట్టి పెరుగన్నం ముద్ద తీసి, చెయ్యి చాచాడు.

చేప వచ్చింది. పడవంత పొడవు, ఎముకలు లెక్కపెట్టేంత చిక్కి ఉంది. పెదవిన ముక్కెర మాత్రం ధగధగలాడుతోంది. అది ముద్ద అందుకుంది. నోట్లో అటూ ఇటూ తిప్పింది. ఉమ్మేసింది.

"శెట్టీ, ముద్దలో పరిగె ఏది?" అంది.

నీళ్ళలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ మాట వినబడింది.

"ఊరుకో, నీకు దణ్ణం పెడతాను" అని గొణిగాడు శెట్టి.

"తొట్టిలో ఉన్నప్పుడు రోజూ పెట్టేవాడివి. ముద్దలో దాచి పెట్టేవాడివి. ఇవాళ ఏది? చెరువులో ఇంకేమీ లేదు. అన్నీ నేనే తినేశాను. తింటానని నీకు ముందే చెప్పాను. నాకు ఆకలిగా ఉంది."

చేప అబద్ధం చెప్పలేదు, కోపమూ పడలేదు. ఎప్పుడూ ఆ చేతిలోనే చేప ఉండేది గనక, ఆ చేతిలోనే వెతికింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. శెట్టిని ఒడ్డుకు లాగేసరికి కుడిచేతికి బొటనవేలు తప్ప ఏదీ మిగల్లేదు.

"మేం ముందే అనుకున్నాం" అన్నారు జనం. ప్రసాదం కళ్ళకద్దుకున్నవాళ్ళే అందరికంటే గట్టిగా అన్నారు. రాజుగారు శెట్టిని శిక్షించలేదు. శిక్షిస్తే ముక్కెర ఎవరు వేయించారని ఊరు అడుగుతుంది. చేపను పట్టమన్నారు. పట్టడం వచ్చినవాళ్ళు ఎవరూ ఊళ్ళో లేరు. నెల తిరక్కుండానే అది ఆకలితో చచ్చి, బోర్లించిన పడవల పక్కకు కొట్టుకొచ్చింది. శెట్టి పోయి దాని పక్కన కూర్చుని, మిగిలిన చేత్తో దాని మూతి మీది పాత మచ్చ నిమిరి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇంటికి వస్తే పేరిందేవమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"ఆ కుండ మీది బచ్చలి నేనే వండాను. రోజూ మీకు వడ్డించాను" అంది. "కొలువులో నా నోటితో ఆ మనిషి నోట మన్ను కొట్టించారు. నాతోనైనా చెప్పలేకపోయారా?"

ఆ తరువాత ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆయనకు అన్నం పెట్టింది గాని, తిన్నారా అని అడగలేదు.

శెట్టి కొలువుకు పోయి ఊరంతా వినేలా తప్పు ఒప్పుకుని, గానుగ అమ్మేసి, జాలరులను వెతుక్కుంటూ బయలుదేరాడు. చాలా ఊళ్ళు తిరిగాక ఒక ఏటి ఒడ్డున నూకాలు కనబడింది. వాళ్ళను ఆ ఏటి జాలరులు ఒక వారగా ఉండనిచ్చారు. వచ్చిన దారిలోనే నూకాలు తల్లి పోయింది.

శెట్టి ఆమె కాళ్ళ ముందు మట్టిలో కూర్చున్నాడు. "తప్పంతా నాదే నూకాలూ. రాజుగారి ఎదుట, ఊరి ఎదుట చెప్పేశాను. తిరిగి రండి. గుడిసెలు నేను వేయిస్తాను."

నూకాలు ఆయన మొండిచెయ్యి చూసింది.

"ఒప్పుకున్నారు, మంచిదే" అంది. "మా చెరువు ఏది శెట్టిబాబూ?"

నూకాలు వెళ్ళి ఏట్లో వల ముంచింది. ఒక కుండలో నీళ్ళు పోసి, దానిలో పరిగెలు వేసి తెచ్చి ఆయన ముందు దించింది.

"ఇవి మీకు కాదు, చెరువుకు. మేము రాము. కుండ మీద ఏదీ కప్పకండి, గాలాడక చస్తాయి."

శెట్టి ఆ కుండ నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తోనూ ఒక మొండితోనూ పట్టుకుని నడిచాడు. తామరవల్లి నడివీధిలో, నీళ్ళు చల్లిన వాకిళ్ళ ముందునుంచి, కుండ మీద ఏ ఆకూ కప్పకుండా నడిచాడు. ఆయన పోయిన వెంటనే ఒక ఇంటివాళ్ళు వాకిట్లో నీళ్ళు చల్లారు. ఆ చప్పుడు వినబడినా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. పరిగెలను చెరువులో వదిలి, నీళ్ళలో చెయ్యి పెట్టుకుని పొద్దుగుంకేదాకా కూర్చున్నాడు. అవి ఆయనతో ఏమీ మాట్లాడలేదు. ఆయన బతికుండగా ఆ ఒడ్డున గుడిసె లేవలేదు.

తొట్టిలో ఉండగా ఒప్పుకోని తప్పు, చెరువును తినిగాని తీరదు.